పేరునకెదుట వ్రాసిన శిక్ష: బార్ కౌన్సిళ్లకు ఒక బహిరంగ లేఖ

భారత బార్ కౌన్సిల్ అధ్యక్షులకును, సభ్యులకును, రాష్ట్ర బార్ కౌన్సిళ్ల పెద్దలకును నమస్కారపూర్వకముగా వ్రాసికొను మనవి.



“అది మాకూ, ఆయనకూ మధ్య విషయమండీ. బయటివాళ్ళకి చెప్పేది కాదు.”

ఒక రాష్ట్రపు బార్ కౌన్సిల్ కార్యాలయమున, కిటికీకి ఆవల కూర్చున్న ఉద్యోగి తల యెత్తియైనను చూడక నాతో పలికిన మాటలివి. ఆ రాష్ట్రమేదియో ఇచట చెప్పను. ఆ ఉద్యోగి పేరు నేనడుగనే లేదు. ఏలయన ఆ మాట అతనిది కాదనియు, మీ అందరి మాటనే అతడు అప్పగించుచున్నాడనియు నాకానాడే తోచినది. ముప్పదియొక్క యేండ్లు జిల్లా న్యాయస్థానముల కచేరీలలో రిజిస్టర్ల నడుమ బ్రతికి, శిరస్తదారుగా విశ్రాంతి పొందిన నేను, రిజిస్టరు ఉన్నదని ఒప్పుకొనుచునే దానిని చూపుట కుదరదని చెప్పు కచేరీని నా కొలువులో ఎన్నడును చూడలేదు. దావా రిజిస్టరు కానిండు, అప్పీళ్ల రిజిస్టరు కానిండు, పద్ధతి ప్రకారము అడిగి రుసుము చెల్లించినవారికి నకలు ఇచ్చితిమి. ఒక్క దినము ఆలస్యమైనచో ప్లీడర్లే మా మీద విరుచుకుపడిరి. అట్టి ప్లీడర్ల శిక్షలు వ్రాసిన చిట్టా మాత్రము ఎవరి కంటను పడరాదట!

నేనా కిటికీ యొద్దకు పోవుటకు కారణము మా వీధి చివర ఇడ్లీలమ్ముకొని జీవించు ఒక వృద్ధురాలు. ఆమె కుమారుడు లారీ క్లీనరు. పండ్రెండేండ్ల క్రిందట ఒక రాత్రి రహదారి అంచున ఆపిన లారీకి టైరు మార్చుచుండగా వెనుకనుండి వచ్చిన బస్సు గుద్ది చనిపోయెను. మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో ఆమె గెలిచినది. బీమా కంపెనీ సొమ్ము జమచేసిన తరువాత, ఆమె వకీలు చెక్కు పిటిషను వేయవలెనని చెప్పి నాలుగు కాగితములపై వ్రేలిముద్రలు తీసికొనెను. ఆపైన రెండేండ్లు “వాయిదా పడిందమ్మా” అను మాటయే ఆమెకు దక్కిన నష్టపరిహారము. ఆమె నా వద్దకు వచ్చిననాడు చేతిసంచిలోనుండి తీసినవి మూడు: కుమారుని ఫొటో, ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు పెట్టిన తీర్పు నకలు, ఆ వకీలు విజిటింగు కార్డు. పాత పరిచయములు పట్టుకొని నేను రికార్డు చూచునప్పటికి సొమ్ము ఇరువది నెలల క్రిందటనే విడుదలయై యున్నది. వకాలతు తిరుగవేసి చూచితిని. వెల్ఫేర్ స్టాంపు ఉన్నది, సంతకమున్నది, సంతకము క్రింద ఎన్‌రోల్‌మెంటు నంబరున్నది. ఆ నంబరునే చీటీపై వ్రాసికొని, ఈ మనిషిపై పూర్వమేదైన శిక్ష కలదాయని అడుగుటకు మీ కిటికీ వద్ద నిలిచితిని. జవాబు పైన వ్రాసితిని.

తరువాత తెలిసినది; అదియు మీ వలన కాదు, బార్ అసోసియేషను వరండాలో టీ త్రాగుచు ఒక పాత ప్లీడరుగారు మాటవరుసకు చెప్పుటవలన. ఆ వకీలు అంతకుముందే ఇంకొక కక్షిదారు సొమ్ము విషయమున ఒక ఏడాది సస్పెండయి, ఆ ఏడాదిని పొరుగు తాలూకా కోర్టులో నిశ్చింతగా ప్రాక్టీసు చేయుచు గడపి, గడువు తీరగానే తిరిగి వచ్చెనట. “ఆ సంగతి మా అందరికీ తెలిసిందే గదా” అనిరి ఆ పెద్దలు. అందరికిని! అనగా నల్లకోటు తొడిగిన అందరికిని.

మీకు చట్టము చెప్పబూనుట హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయుటయే యగును. అయినను ఒక సెక్షనును జ్ఞాపకము చేయక తప్పదు. 1961 నాటి న్యాయవాదుల చట్టమునందలి 35వ సెక్షను మీ క్రమశిక్షణ సంఘములకు నాలుగు దారులు చూపినది: ఫిర్యాదును కొట్టివేయుట, మందలించుట, కొంతకాలము వృత్తినుండి నిలిపివేయుట, పట్టికనుండి పేరునే తొలగించుట. ఇది తెలియని ప్లీడరు గుమాస్తా యుండడు. శిక్ష పడిన తరువాత ఏమి చేయవలెనో చెప్పు 41వ సెక్షను వైపు మాత్రము ఎవరును పోరు. మందలించినను, నిలిపివేసినను, ఆ శిక్షను పట్టికలో ఆ న్యాయవాది పేరునకెదుట నమోదు చేయవలెననియు, తొలగించినచో పేరు కొట్టివేయవలెననియు, నిలిపివేసినను తొలగించినను అతని సనదును వెనుకకు పుచ్చుకొనవలెననియు అది విధించుచున్నది. పేరునకెదుట! వేరొక బీరువాలో, వేరొక ఫైలులో, లక్క ముద్ర వేసిన కవరులో అని శాసనకర్తలు వ్రాయలేదు. పేరును వెదకిన కన్ను ఆ వరుసలోనే శిక్షను కూడ చూడవలెననుటకు గాకున్నచో, ఆ చోటనే వ్రాయుమని చెప్పుట యెందులకు? అదే పట్టిక ఆధారముగా మీ ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారు చేయుదురు. పేరును, నంబరును, ఊరును పదిమంది ముందు పెట్టుదురు. ఆ ఒక్క గడిపై మాత్రము అరచేయి కప్పి చూపుదురు.

నిలిపివేతకు గురియైన న్యాయవాది ఆ గడువు తీరువరకు భారతదేశమునందలి ఏ న్యాయస్థానమునను, ఏ అధికారి యెదుటను వృత్తి సాగింపరాదని 35వ సెక్షను నాలుగవ ఉపసెక్షను చెప్పుచున్నది. అర్హత లేక వాదించువానికి ఆరు మాసముల వరకు కారాగారమని 45వ సెక్షను చెప్పుచున్నది. దేశమునందలి ఏ కోర్టునను అన్నప్పుడు, ఆ సంగతి దేశమునందలి ప్రతి కోర్టునకును తెలియవలెను గదా? సిరిసిల్లలోని బెంచి గుమాస్తాకు, మదనపల్లెలోని బెంచి గుమాస్తాకు అది తెలియు మార్గమేది?

ఇచట నా తప్పును కూడ ఒప్పుకొనవలసియున్నది. నా కొలువులో ఎన్నివేల వకాలతులు నా చేతిమీదుగా పోయినవో లెక్కలేదు. స్టాంపు సరిపోయినదా, సంతకమున్నదా, వ్రేలిముద్రకు సాక్షి యున్నాడా అని చూచితినే గాని, ఆ సనదు బ్రతికియున్నదో చచ్చినదో ఒక్కనాడును చూచినవాడను కాను. చూడదలచినను చూచుటకు నా బల్లపై ఏమియు లేదు. ఎప్పుడో యొకప్పుడు పైనుండి ఫలానా న్యాయవాదిని నిలిపివేసిరని ఒక సర్క్యులరు వచ్చును. దానిని దబ్బనముతో గుచ్చి, తెల్లదారముతో ఫైలునకు కుట్టెడివాడను. ఆ ఫైలు మూడవ బీరువా అడుగు అరలో నుండెడిది. ఆ బీరువా తాళము సగము దినములు నాజరుగారి జేబులో నుండెడిది. ఒకనాడు చెదలు పట్టి ఆ అర దులిపినప్పుడు తప్ప ఆ సర్క్యులర్లను నేను మరల చదివిన జ్ఞాపకము లేదు. ఇట్టి రహస్యము నడుమ సస్పెండయినవాడు పొరుగు తాలూకాకు పోయి వాదించెననుటలో ఆశ్చర్యమేమున్నది?

శిక్షించు ఈ అధికారమును మీకెవ్వరును బలవంతముగా అంటగట్టలేదు. 1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టము క్రింద న్యాయవాదిని శిక్షించు అధికారము హైకోర్టుది. వృత్తి తన్ను తానే దిద్దుకొనగలదను నమ్మికతో 1961లో పార్లమెంటు దానిని మీ చేతిలో పెట్టినది. కోర్టుధిక్కార నేరమునకు 1995లో సుప్రీంకోర్టు ఒక న్యాయవాదికి మూడేండ్ల నిలిపివేత విధింపగా — ఆయన సామాన్యుడు కాడు, భారత బార్ కౌన్సిల్ అధ్యక్షపీఠమున కూర్చున్నవారు — 1998లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము ఆ నిలిపివేతను రద్దు పరచి, ధిక్కార విచారణలో సనదును నేరుగా ముట్టుకొనుట తమకును తగదు, అది చట్టము బార్ కౌన్సిళ్లకు అప్పగించిన పని యని తీర్మానించినది. దేశపు అత్యున్నత న్యాయస్థానమే చేయి వెనుకకు తీసికొని మీకు వదలిన అధికారమిది.

అంతకుముందు 1975లో దబోల్కర్ వ్యాజ్యము నడచినది. బొంబాయి మేజిస్ట్రేటు కోర్టుల గుమ్మముల వద్ద కక్షిదారులపై బడి, రైల్వే స్టేషనులో జట్కావాండ్రవలె ఒకరినొకరు త్రోసికొనుచు కేసులు లాగుకొను ప్లీడర్ల కథ యది. క్రింద శిక్ష రద్దుకాగా మహారాష్ట్ర బార్ కౌన్సిల్ సుప్రీంకోర్టునకు పోయినది. శిక్ష తప్పిపోయినచో కౌన్సిల్‌కు కలిగిన బాధయేమి, అది అప్పీలెట్లు చేయుననునది ప్రశ్న. ఏడుగురు న్యాయమూర్తులు కూర్చుండి విని, వృత్తి ప్రమాణములకును ప్రజాహితమునకును కౌన్సిల్ కాపరి గనుక దానికి అప్పీలు హక్కు కలదనిరి. ప్రజల పేరు చెప్పి సుప్రీంకోర్టు తలుపు తట్టి గెలిచిన వారు, అదే ప్రజలు వచ్చి మీ కిటికీ తట్టినపుడు “మాకూ ఆయనకూ మధ్య విషయ”మనుట ఏ ధర్మము? ఆ మధ్యలో నిజముగా నున్నది ఎవరు? సొమ్ము పోగొట్టుకొన్నది మీరా, ఆయనయా?

2024 మే 14న వచ్చిన తీర్పుతో మీ బాధ్యత ఇనుమడించినది. వకీలు సేవలో లోపము వినియోగదారుల కమిషన్ల విచారణకు వచ్చునని జాతీయ కమిషను 2007లో చెప్పినదానిని సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. వకాలతు సరకుల బేరము కాదను మాటను నేనును కాదనను. ఆ వృత్తిలో నిజముగా మహనీయులను చూచినవాడను, వారి ముందు చేతులు కట్టుకొని నిలిచినవాడను. కాని సామాన్యునికి ఒక తలుపు మూతపడిన మాట నిజము. సివిలు దావా మిగిలియున్నదందురేమో. ప్లీడరుపై దావా వేయుటకు మరల ప్లీడరునే పెట్టుకొనవలెను గదా. అదే ఊరిలో, అదే వరండాలో టీ త్రాగువానిని! మిగిలినది మీ తలుపొక్కటే.

పైగా, ప్లీడరును ఎన్నుకొనువానికి కన్ను కప్పినదియు మీరే. మీ నియమములలో 36వది న్యాయవాది తన్ను గూర్చి ప్రకటించుకొనుటను నిషేధించుచున్నది. నేమ్‌బోర్డు సైజు మితిమీరరాదు, పూర్వము జడ్జిగా నుంటినని దానిపై వ్రాసికొనరాదు. 2008లో వెబ్‌సైటునకు అనుమతి నిచ్చితిరి గాని, పేరు, చిరునామా, నంబరు, చదువు వంటి కొలది వివరములతోనే సరిపెట్టితిరి. ఈ నిషేధమును నేను మెచ్చుకొనుచున్నాను. న్యాయము కిరాణా దుకాణము కారాదు. కాని దానివలన కలుగు ఫలమును ఎన్నడైన ఆలోచించితిరా? మంచి ప్లీడరు తన మంచిని చెప్పుకొనరాదు. చెడ్డ ప్లీడరు చెడును మీరు చెప్పరు. ఇక పల్లెనుండి బస్సు దిగివచ్చిన రైతు దేనిని చూచి ఎన్నుకొనవలెను? కోటు నలుపునా? కోర్టు గేటు వద్ద జిరాక్సు కొట్టువాని సిఫారసునా? అక్షరాల ఇదియే నేడు జరుగుచున్నది. ఆ వృద్ధురాలికి ఆ వకీలును కుదిర్చినవాడు ఆసుపత్రి మార్చురీ బయట తిరుగు ఒక బ్రోకరు.

మీ లోపలి తూకము ఎట్లుండునో జనులకు తెలియవలెనన్నచో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁ సంగతి యొకటి చాలును. 1971లో అచటి ఒక న్యాయవాది కోర్టు గదిలోనే ప్రతిపక్షిని కత్తితో పొడిచెను. హత్యాయత్నమునకు మూడేండ్ల శిక్ష పడినది. హైకోర్టు దానిని ఖాయము చేసినది. అంతట గవర్నరుగారు శిక్షను ఆపిరని ఒక ఉత్తరము వచ్చినది. విచారింపగా అది దొంగ ఉత్తరము. రాష్ట్ర కౌన్సిల్ ఆయనను రెండేండ్లు నిలిపివేయగా భారత కౌన్సిల్ ఆ ఉత్తరువును కొట్టివేసినది. మరియొక ఫిర్యాదుపై మూడేండ్లు నిలిపివేయగా దానిని కూడ భారత కౌన్సిల్ కొట్టివేసినది. తుదకు 1997లో సుప్రీంకోర్టు, ఇట్టివాడు ఈ వృత్తిలో నుండదగడని పేరే తొలగించినది. కత్తి దూసిన నాటికిని పేరు కొట్టివేసిన నాటికిని నడుమ 26 ఏండ్లు! ఈ కథ మనకు తెలిసినది ఫిర్యాదు చేసినవాడు పట్టు విడువక సుప్రీంకోర్టు వరకు పోవుటవలననే. అంతవరకు పోలేక మీ బీరువాలలోనే నిలిచిపోయిన కథలను చదువువారెవరు?

మీ తూకముపై అనుమానము నాకు ఊరకే పుట్టినది కాదు. మీ క్రమశిక్షణ సంఘమున ముగ్గురుందురు. ఇద్దరు కౌన్సిల్ సభ్యులు, మూడవవాడు సంఘమునకు చేర్చుకొన్న న్యాయవాది. ఆ సభ్యులను ఎన్నుకొనునది న్యాయవాదులే. అనగా నేడు బోనులో నిలిచినవాడు రేపు మీ ఓటరు, అతని జూనియర్లు మీ ఓటర్లు, అతని బార్ అసోసియేషను మీ ఓటర్ల గుంపు. మీరు పక్షపాతులని నేననను. కాని ఇట్టి అమరికలో, నిష్పక్షపాతముగ తీర్పు చెప్పినవానికి రక్ష, ఆ తీర్పును అందరును చదువుటయే గదా? మూసిన తలుపు వెనుక మందలింపుతో వదలిన ఉత్తరువునకును, తలుపు తెరచి కారణములతో వ్రాసిన ఉత్తరువునకును వ్రాయు చేతికే భేదము తెలియును. మీకు కావలసినపుడు ప్రకటన ఎంత చురుకుగా సాగునో 2021 జూన్‌లో చూచితిమి. బార్ కౌన్సిల్ నిర్ణయములను కౌన్సిల్ సభ్యులు బహిరంగముగా విమర్శించుటను దుష్ప్రవర్తన క్రింద జమకట్టు నియమములను గెజెట్టులోనికి ఎక్కించి, అలజడి రేగిన తరువాత ఆపితిరి. మిమ్ము విమర్శించిన నోటికి గెజెట్టు, కక్షిదారు సొమ్ము తిన్న చేతికి గోప్యమా?

శిక్షితుని వ్యక్తిగత విషయమందురు. ఇదే న్యాయస్థానములలో వ్యాజ్యమాడు సామాన్యుని సంగతి చూడుడు. ఈ-కోర్ట్స్ తెరపై పేరు కొట్టినచో మా వీధి టైలరు చెల్లని చెక్కు కేసు వాయిదా తేదీతో సహా కనబడును; నా మేనల్లుడు అన్నదమ్ములతో పడిన పంపకపు దావా కనబడును; ఇంకను తీర్పు రాని కేసులే, తప్పెవరిదో తేలని కేసులే. అవి లోకమెల్ల చూడవచ్చును. ఆ కేసులు నడపిన ప్లీడరుపై విచారణ జరిగి, సాక్ష్యము నడచి, తప్పు రుజువై, శిక్ష పడినది మాత్రము చూడరాదు. ఈ న్యాయము ఏ గ్రంథములోనిది? వైద్యుల రిజిస్టరును జాతీయ వైద్య కమిషను అందరికిని తెరచి, నిషేధమునకు గురియైనవారిని కూడ అందే చూపుచున్నది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ తన క్రమశిక్షణ సంఘపు ఉత్తరువులను ప్రకటించుచున్నది. వారి వృత్తులు గౌరవము కోల్పోయినవా?

దూరము పోయి చూచినను ఇంతే. ఇంగ్లండులో సొలిసిటర్ల క్రమశిక్షణ ట్రిబ్యునలు తీర్పులు ఎవరైనను చదువవచ్చును. కాలిఫోర్నియాలో న్యాయవాది పేరు వెదకినచో అతడు పొందిన శిక్ష పేరు ప్రక్కనే వచ్చును. అమెరికా న్యాయశాఖలో వలస విచారణలు చూచు కార్యాలయము తాను శిక్షించిన ప్లీడర్ల పట్టికను ప్రకటించును. కనుక డాలస్‌లో వీసా చిక్కులో పడిన మన తెలుగు కుర్రవాడు ఫీజు చెల్లింపకముందే ఆ పట్టికను చూచుకొనగలడు. తణుకులో పొలము గట్టు దావాకు ప్లీడరును పెట్టుకొను అతని తండ్రికి ఆ భాగ్యము లేదు. ఏదో యొక రాష్ట్రములో అప్పుడప్పుడు ఒక ప్రకటన వెలువడవచ్చును. కాని దేశములో ఎచట సనదు పొందినవానినైనను ఒకే చోట వెదకి, నిన్న ఆంధ్రలోను, నేడు తెలంగాణలోను, రేపు కర్ణాటకలోను వాదించువాని చరిత్రను తెలిసికొనగల పుస్తకము సామాన్యుని చేతిలో లేదు.

సమాచార హక్కు చట్టమును చూపితిమా, 2023 నాటి వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము దాని 8వ సెక్షనులోని వ్యక్తిగత సమాచారపు నిబంధనను మార్చినదని చెప్పుటకు మీ న్యాయవిభాగము సిద్ధముగా నుండును. మార్చినది, నిజమే. ప్రజాప్రయోజనము అధికమైనచో సమాచారమీయవచ్చునను రెండవ ఉపసెక్షను మాత్రము అచటనే యున్నది. పార్లమెంటు చట్టముచే పుట్టిన సంస్థలు మీవి. అడుగకముందే ప్రకటింపవలసిన వాటిని ప్రకటింపుడని 4వ సెక్షను 2005 నుండియు చెప్పుచున్నది.

ఒక అభ్యంతరమును మాత్రము తేలికగా త్రోసివేయలేను. ఓడిన కక్షిదారు కోపముతోను, గెలిచిన ప్లీడరుపై ప్రతిపక్షి పగతోను పెట్టు ఫిర్యాదులెన్నియో నాకు తెలియును. మా కోర్టులో ఒక నిక్కచ్చి మనిషిపై, ఫీజు ఎగగొట్టదలచినవాడొకడు వరుసగా నాలుగు ఫిర్యాదులు పెట్టెను, నాలుగును కొట్టివేయబడినవి, ఆ నాలుగేండ్లలో ఆయన జుట్టు నెరసిపోయినది. కనుక ఫిర్యాదులను ప్రకటింపుడని నేను కోరను. రుజువైన తప్పును, తుది ఉత్తరువును, దాని కారణములను ప్రకటింపుడు. అప్పీలులో నున్నచో ఆ మాటయు ప్రక్కనే వ్రాయుడు. అప్పీలులో శిక్ష రద్దైనచో ఆ రద్దునే పెద్ద అక్షరములతో చూపుడు. క్రొత్తగా వచ్చిన కుర్రవాడు తెలియక చేసిన పొరపాటునకు పడిన మందలింపు జీవితాంతము అతనిని వెంటాడనక్కరలేదు. కొన్నేండ్ల తరువాత దానిని తెరమీదనుండి తొలగించినను నాకు పట్టింపు లేదు. కక్షిదారు సొమ్ము ముట్టినవాని సంగతి వేరు. అది మాసిపోరాదు.

తెరచిన పుస్తకము నిర్దోషికి కూడ మేలు చేయును. మోహనదాస్ గాంధీ అను బారిస్టరు రాజద్రోహ నేరమునకు జైలులో నుండగా, లండనులోని ఇన్నర్ టెంపుల్ 1922 నవంబరు 10న ఆయన పేరును కొట్టివేసినది. ఆ కొట్టివేత రహస్యము కాదు, వారి పుస్తకములో తేదీతో నిలిచినది, ప్రపంచమెరిగినది. 1988లో, ఆయన గతించి నలుబది యేండ్లయిన తరువాత, అదే సంస్థ ఆ పేరును తిరిగి చేర్చుకొన్నది. ఆ శిక్ష తప్పే కావచ్చును. కాని అది అందరి ఎదుట వ్రాసిన తప్పు గనుక, దానిని వేలుపెట్టి చూపువారుండిరి, దిద్దుటకు ఒక చోటుండెను. మీ బీరువాలలో అన్యాయముగా శిక్షింపబడిన న్యాయవాది ఒక్కడైన లేడా? అతని పక్షమున వేలు చూపువాడెవడు?

ఖర్చు మాట యెత్తుదురేమో. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఎన్‌రోల్‌మెంటు రుసుము చట్టములో నున్న 750 రూపాయలను మించరాదనుటతో మీ పెట్టెలు పలుచబడియుండవచ్చును. పేరునకెదుట ఇప్పటికే వ్రాసియుండవలసిన ఒక్క పంక్తిని తెరమీదికి ఎక్కించుటకు ఎంత ధనము కావలెను? ఒక గుమాస్తా, ఒక కంప్యూటరు, ఒక వేసవి సెలవు చాలును. కావలెనన్నచో నేనే వచ్చి కూర్చుండి వ్రాసి పెట్టుదును. నా దస్తూరీ ఇంకను చెడలేదు.

ఆ వృద్ధురాలి చేత ఫిర్యాదు వ్రాయించినది నేనే. ఏడాదిలోగా తేల్చవలెననియు, తేలనిచో అది భారత కౌన్సిల్‌కు బదిలీయగుననియు న్యాయవాదుల చట్టపు 36బి సెక్షను చెప్పుచున్నది. వినుటకు ఇది కక్షిదారు మేలుకొరకే కనబడును. అనుభవమున ఏమి జరిగినదనగా, ఏడాది వాయిదాలతో గడచినది, ఫైలు ఢిల్లీ పోయినది. ఇడ్లీ పాత్ర దించి ఆమె ఢిల్లీ పోవుటయెట్లు? రెండు రాత్రుల రైలు ప్రయాణము, భాష తెలియదు, వెంట వచ్చువారు లేరు. ఫిర్యాదులను రాష్ట్రములోనే ఏడాదిలోపల తేల్చుడనియు, బదిలీలు అరుదుగా మాత్రమే జరుగవలెననియు సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో మీకు గట్టిగనే చెప్పినది. ఆమె ఫైలు ఇప్పుడెచట నున్నదో నేనడుగను. అడిగినచో మరల అదే కిటికీ, అదే మాట.

ఇప్పుడు అడుగదలచినది వేరు. క్రిందటి వారము ఆమె మరల మా యింటికి వచ్చినది. ఆమె కోడలికి పుట్టింటివారిచ్చిన రెండు సెంట్ల స్థలముపై ఎవరో ఇంజంక్షను తెచ్చిరట. క్రొత్త ప్లీడరును పెట్టుకొనవలెను. కొంగుముడి విప్పి ఒక విజిటింగు కార్డు నా బల్లపై పెట్టి, “ఈయన మంచోడేనా బాబూ? నువ్వు కోర్టులో చేసినోడివి గదా, ఎక్కడన్నా చూసి చెప్పు” అన్నది.

కార్డు నా ఎదుటనే యున్నది. దానిపై నంబరు స్పష్టముగా నున్నది. సోమవారమున ఆమె మరల వచ్చును. ఎక్కడ చూడవలెనో సెలవిండు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
ఒక విశ్రాంత శిరస్తదారు